ఎడమ పక్క చుక్కలు

సాయంత్రం కాగానే ఆటల హాలు తాళం తీయడం, లైట్లు ఒక్కో వరసే వేయడం, నేలకి అంటుకున్న బంక మరకల్ని పాత బ్లేడుతో గీకి నూనె గుడ్డతో తుడవడం. ఇన్ని కప్పులు గెలిచిన కోచ్ ఈ పనులు చేస్తుందంటే చాలామంది నమ్మరు. చేయడానికి మనిషి ఉన్నాడు. అయినా ఆవిడ ఊరుకోదు. హ్యాండ్‌బాల్ ఆడేవాళ్ళు బంతి జారకుండా వేళ్ళకి బంక పూసుకుంటారు. ఆ బంక బంతితో ఆగుతుందా? తలుపు గడియలకీ, నీళ్ళ సీసాలకీ, జుట్టుకీ, ఇంటికెళ్ళాక దువ్వెనకీ అంటుకుంటుంది. నా బతుకులో సగం అంటించుకోడానికి, సగం గీక్కోడానికి సరిపోయిందని ఆవిడే నవ్వుతూ అంటుంది. జట్టులో అమ్మాయిలు ఎదురుగా ఉంటే మేడమ్ అనీ, చాటున ఎడంచెయ్యి అనీ పిలుస్తారు. ఒకప్పుడు ఆ ఎడమ చెయ్యే ఆవిడ పేరూ ప్రతిష్ఠా కాబట్టి విననట్టు ఊరుకుంటుంది.

నేల పనయ్యాక చివరగా బంతిని తుడుస్తుంది. పొడుగాటి కర్రకి మెత్తని గుడ్డ చుట్టి, తలుపుకి ఎదురుగా ఉన్న గోలు ముందు గాలిలో నిలబడి ఉన్న బంతి మీద దుమ్ము దులుపుతుంది. అది పాతికేళ్ళుగా అక్కడే ఉంది. పైకప్పుకి రంగులు వేసినప్పుడు పనివాళ్ళు దానికి పాత పేపరు చుట్టి, పనయ్యాక విప్పేశారు. బాడ్మింటన్ ఆడేవాళ్ళు కొన్నాళ్ళు గొణిగి, తమ వలని ఇంకో పక్కకి జరుపుకున్నారు. ఆటలో ఎవరి బంతైనా దానికి తగిలితే అవతలి జట్టుకి ఇచ్చేయాలని ఓ నియమం కూడా పెట్టారు. బయటి జట్లు వచ్చినప్పుడు బాత్రూములు ఎటున్నాయో చెప్పే మనిషే ఈ సంగతి కూడా చెప్తాడు.

ఆ బంతిని విసిరింది ఆవిడే.

ఆ రోజు ఫైనల్. అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే జట్టు. అక్క దూరం నుంచి ఎగిరి ఎడమ చేత్తో షాట్ కొట్టేది. చెల్లెలిది లైన్ ఆట. అంటే గోలు చుట్టూ గీసిన సగం గుండ్రటి గీత అంచున, అవతలి వాళ్ళ మోచేతుల మధ్య ఇరుక్కుని, డొక్కలో పోట్లు తింటూ, ఎవరైనా బంతి అందిస్తారేమోనని చెయ్యెత్తి కాచుకునే ఆట. పేరు షాట్ కొట్టేవాళ్ళకీ, కమిలిన మచ్చలు లైన్ వాళ్ళకీ మిగులుతాయి. దేశం తరఫున ఆడే జట్టుకి మనుషుల్ని ఏరేవాళ్ళు ఆ రోజు ముందు వరసలో కూర్చున్నారు. ఇంక ఒక్క చోటే ఖాళీ ఉందని అందరికీ తెలుసు. స్కోరు సమం. నాలుగు సెకన్లు ఉన్నాయి. బంతి అక్క చేతిలో ఉంది. చెల్లెలు ఆమెకి ఎడమ పక్కన, గీత మీద, చుట్టూ ఎవరూ లేకుండా చెయ్యెత్తి నిలబడి ఉంది. అందిస్తే గోలు ఖాయం. అక్క అందించలేదు. ఎగిరి తనే కొట్టింది.

బంతి ఇద్దరి చేతుల మీంచి దూసుకెళ్ళి, గోలుకి కాస్త ఇవతల ఆగిపోయింది. గోల్‌కీపర్ ఓ మూలకి దూకి, పడి, లేచి, మోకాళ్ళు దులుపుకుని, అది వస్తుందేమోనని కాసేపు చూసింది. రిఫరీ కూడా చూశాడు. చూసి చూసి గడియారం ఆపించాడు. బంతి ఇంకా ఆటలోనే ఉంది, ఆట అయిపోయిందని నేనెలా ఊదనన్నాడు. న్యాయమైన మాటే కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. జనం ఇంకాసేపు కూర్చుని ఇళ్ళకెళ్ళిపోయారు. కప్పు ఆరునెలలు ఈ క్లబ్బులో, ఆరునెలలు ఆ క్లబ్బులో ఉండేలా పెద్దలు మాట్లాడుకున్నారు. రిఫరీ ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా రోజూ సాయంత్రం ఈల జేబులో వేసుకుని వచ్చి, హాల్లో ఓ మూల కూర్చుంటున్నాడు. నాలుగు దగ్గర ఆగిన పాత స్కోరు బోర్డుని తీసేయకుండా గోడకే ఉంచారు.

ఏరేవాళ్ళు మర్నాడే అక్కని ఏరారు. తప్పిపోయిందీ కాదు, ఎవరూ ఆపగలిగిందీ కాదు, అలాంటి షాట్ మేమింతవరకు చూడలేదన్నారు. బట్టలు మార్చుకునే గదిలో చెల్లెలు వేళ్ళ సందుల్లో బంక గీక్కుంటూ కూర్చుని ఉంటే, అక్క బూటు లేసులు విప్పుకుంటూ, తల ఎత్తకుండా, "నిన్ను చూడలేదే" అంది. "సర్లే అక్కా" అంది చెల్లెలు. అంతే. ఆ సంగతి మళ్ళీ ఇద్దరూ ఎత్తలేదు.

చూసింది. చూడకపోవడమేమిటి, ఆ ఎత్తిన చెయ్యి, దాని మణికట్టుకి కట్టుకున్న పసుపు పట్టీ, చెమటకి నుదుటిమీద అంటుకున్న వెంట్రుకలు, అన్నీ చూసింది. అన్నం తింటున్నప్పుడు, బస్సులో కిటికీ పక్క కూర్చున్నప్పుడు, కప్పు అందుకుని ఫోటోకి నవ్వుతున్నప్పుడు ఎడమ పక్క నుంచి ఆ చెయ్యి లేస్తూనే ఉంటుంది.

ఆమె కొన్నేళ్ళు దేశం తరఫున ఆడింది. భుజం పాడయ్యాక కోచ్ అయింది. కోచ్‌గా ఆమె సాధించినదాని ముందు ఆడినప్పటిది ఏ మూలకీ రాదు. ఆమె జట్టులో ఎంత గొప్ప షాట్ కొట్టేదైనా ముందు పక్కవాళ్ళని చూసి తీరాలి. పక్కన మనిషి ఖాళీగా ఉండగా తనే కొట్టినవాళ్ళు తర్వాతి మ్యాచ్ బయట కూర్చోవాలి, గోలు పడినా సరే. ఈ ఒక్క నియమంతోనే మామూలు అమ్మాయిలు మహామహా జట్లని మట్టి కరిపించారు. ఇంత మంచి ఆలోచన ఎలా వచ్చిందని పత్రికలవాళ్ళు అడిగితే, గాలిలో బంతిని చూపించి, "ఆ రోజు చెల్లెల్ని చూడలేదండీ. చూసుంటే అందించేదాన్ని. అప్పట్నుంచీ ఈ నియమం పట్టుకున్నా" అనేది. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట దగ్గర ఆమె నాలుక తడారిపోయేది. వాళ్ళు దాన్ని వినయం అనుకుని రాసుకునేవారు.

చెల్లెలు ఆట మానేసి, కళ్ళు పరీక్ష చేసే చదువు చదివి, రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ షాపులో చేరింది. పెళ్ళయింది, కూతురు పుట్టింది. అక్కాచెల్లెళ్ళకి మాటలు లేవని కాదు. ఒకరి ఇంట్లో కొత్త కూర వండితే రెండో ఇంటికి గిన్నె వెళ్తుంది, ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్ళు వచ్చి దుప్పటి కప్పుతారు. కానీ చెల్లెలు ఆటల హాలు గుమ్మం తొక్కదు. కూతురికి కూడా ఏ ఆటైనా ఆడుకో, అదొక్కటి తప్ప అని చెప్పేసింది. ఆ పిల్ల ఏమో వీధి గోడకి బంతి కొట్టి పట్టుకుంటుంటే, పెద్దమ్మ అయిన కోచ్ స్కూటర్ ఆపి మరీ చూసి వెళ్ళిపోయేది.

ఈమధ్య ఆవిడ ఆట పథకాలు గీసుకునే చిన్న పలకని చెయ్యంత దూరం పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. అమ్మాయిలు నవ్వుకుంటున్నారు. వేరే షాపుకి పోదామనుకుంది కానీ, చెల్లెలు ఉండగా బయటికెళ్తే బాగుండదని, ఓ మధ్యాహ్నం అక్కడికే వెళ్ళింది.

చెల్లెలు సంబరపడిపోయింది. దగ్గర చూపుకి అద్దాలు తేల్చాక, "ఎలాగూ వచ్చావు, పక్కచూపు కూడా చూసేస్తా. నీ వయసుకి చూపించుకోవాలి" అని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ తెల్లటి పెద్ద గిన్నెని నిలబెట్టినట్టు ఓ యంత్రం ఉంది. గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, నడిమధ్య చుక్కనే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడెక్కడో చిన్న చిన్న వెలుగు చుక్కలు మెరుస్తాయి. మెరిసినప్పుడల్లా చేతిలో మీట నొక్కాలి.

"కదలకక్కా. అన్నీ కనబడాలని లేదు. కనబడ్డవాటికి నొక్కు చాలు."

మొదట అంతా బాగానే ఉంది. ఎదురుగా చుక్క, నొక్కింది. పైన, కింద, కుడి పక్క, నొక్కింది. తర్వాత ఎడమ పక్క, దాదాపు చెవి దగ్గర, ఓ చుక్క మెరిసింది. దాన్ని మామూలు కళ్ళు పట్టుకోలేవు. ఆవిడ కళ్ళు పట్టుకున్నాయి. వేలు మీట మీద ఆగిపోయింది. ఇంత దూరం చుక్కని పట్టేసిన కన్ను, అంత దగ్గర్లో చెయ్యెత్తిన మనిషిని చూడలేదంటే తన చెల్లెలు నమ్ముతుందా? కళ్ళ సంగతి తెలిసిన మనిషి. యంత్రం అవతల కూర్చుని తెర మీద ఒక్కో చుక్కా చూస్తోంది. ఆవిడ నొక్కలేదు. మళ్ళీ ఎడమ పక్క మెరిసింది. నొక్కలేదు. ఇంకో కంటికి మార్చాక కూడా ఎడమ పక్క చుక్కల్ని అలాగే వదిలేసింది.

చెల్లెలు కుర్చీ జరుపుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది.

"అక్కా, భయపడకు. నీకు ఎడమ పక్క కనబడటం లేదు. రెండు కళ్ళకీ ఒకే పక్క పోయిందంటే తేడా కళ్ళలో కాదు, తల లోపల. పెద్ద డాక్టర్‌కి చూపించి స్కాన్ తీయించాలి."

ఇదెక్కడికి పోతోందో కోచ్‌కి అర్థమై, అబ్బే అలసటగా ఉంది, నిద్రమత్తులో నొక్కలేదేమో అని సర్దబోయింది. చెల్లెలు వినిపించుకోలేదు. ఇది ఇవాళ్టిది కాదంది. చిన్నప్పుడు నువ్వు మేడ మెట్ల మీంచి పడి, తలకి కుట్లు వేయించుకోలేదూ, అప్పట్నుంచే ఉండి ఉంటుందంది. అందుకే ఆటలో అస్తమానం మెడ తిప్పి తిప్పి చూసేదానివంది. అంటూ అంటూ ఆగిపోయింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"ఆ రోజు నేను నీ ఎడమ పక్కే ఉన్నాను," అంది. "నిజంగానే చూడలేదన్నమాట. నన్ను క్షమించక్కా. పాతికేళ్ళుగా నువ్వు చూసే ఇవ్వలేదనుకున్నా. నీతో నవ్వుతూ మాట్లాడుతూనే లోపల అదే పెట్టుకున్నా. నా అంత పాపిష్టిది ఉంటుందా?"

చెల్లెలు అక్క రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తోంది. అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచింది కూడా. "ఊరుకోవే" అన్న మాట తప్ప ఇంకేం రాలేదు. ఇంటికి నడుస్తూ దారంతా తనని తాను తిట్టుకుంది. పాత తప్పుకి ఇన్నేళ్ళూ కుమిలిపోతున్నది చాలక, దాని నెత్తిన ఇంకోటి ఎక్కించింది. పైగా తప్పు చెయ్యని మనిషి చేత క్షమాపణ చెప్పించుకుంది.

మర్నాడు సాయంత్రం చెల్లెలి కూతురు బూట్లు వేసుకుని హాలుకి వచ్చేసింది. అమ్మ పంపిందంది. అంతేకాదు, ఎప్పుడూ పెద్దమ్మకి ఎడమ పక్కనే ఉండమందట. పిల్ల ఆ పని ప్రాణం పెట్టి చేసింది. "పెద్దమ్మా, ఎడంపక్క కుర్చీ ఉంది," "పెద్దమ్మా, ఎడంపక్క బకెట్ ఉంది," "పెద్దమ్మా, ఎడంపక్క రిఫరీ తాతగారు నీకు నమస్కారం పెడుతున్నారు." రెండ్రోజుల్లో జట్టంతా అందుకుంది. మేడమ్‌కి ఎడమ పక్క నుంచి వెళ్ళేవాళ్ళు సైకిల్ బెల్లులా నోటితో చప్పుడు చేస్తూ వెళ్ళేవారు. ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. పోనీ మర్చిపోయి ఎడమ పక్క వచ్చిన బంతిని ఠక్కున పట్టుకుంటే, అమ్మాయిలు చప్పట్లు కొట్టేవారు.

సీజన్ ఫైనల్ దగ్గరపడింది. లైన్ ఆడే అమ్మాయికి చీలమండ బెణికింది. ఆ చోట చెల్లెలి కూతురిని నిలబెట్టి చూస్తే, ఏళ్ళ తరబడి ఆడినట్టే ఆడింది. నేర్పినవాళ్ళు లేరు. వీపుతో అవతలి మనిషిని తోసి, అరడుగు జాగా చేసుకుని, చెయ్యెత్తే తీరు అచ్చం వాళ్ళమ్మదే. ఆ చెయ్యి లేచినప్పుడల్లా కోచ్ చూపు పక్కకి తిప్పేసుకునేది. ఈ పిల్ల లేకపోతే ఫైనల్ పోయినట్టే. నిజం చెప్తే పిల్ల ఇంటికి పోతుంది, దాంతోపాటు చెల్లెలూ పోతుంది. చెప్పకపోతే చెల్లెలు స్కాన్‌కి వెంట రావడానికి సెలవు పెట్టుకుని కూర్చుంది. ఆ రోజుల్లో ఆవిడకి ముద్ద దిగలేదు.

ఫైనల్‌కి ముందు ఆఖరి సాధన. చెల్లెలి కూతురు గీత మీద ఖాళీగా చెయ్యెత్తి ఉండగా, జట్టులో అందరికన్నా బాగా షాట్ కొట్టే అమ్మాయి అందించకుండా తనే కొట్టింది. గోలు పడింది. కోచ్ ఈల ఊది పిలిచింది.

"చూడలేదు మేడమ్," అంది ఆ అమ్మాయి.

ఇలాంటప్పుడు ఆవిడ ఎప్పుడూ ఒకే మాట అంటుంది, "నీ కళ్ళు చూశాయి, నీ చెయ్యి ఒప్పుకోలేదు" అని. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఈలోగా చెల్లెలి కూతురు పరిగెత్తుకొచ్చి మధ్యలో నిలబడింది.

"పాపం, నిజంగా చూడలేదేమో పెద్దమ్మా. అమ్మ కూడా నిన్ను అలాగే ఉత్తిపుణ్యానికి అనుమానించింది కదా. రోజూ తల్చుకుని బాధపడుతోంది."

మూల కూర్చున్న రిఫరీ కళ్ళజోడు సవరించుకున్నాడు. కోచ్ తల ఎత్తి గాలిలో బంతి వంక చూసింది. ఇందాక తుడిచిన బంతి, ఎప్పుడూ ఉన్నంత దూరంలోనే ఉంది. ఈల తీసి పిల్ల చేతిలో పెట్టి, ఆట బూట్లతోనే రెండు వీధులు దాటి షాపుకి వెళ్ళింది.

చెల్లెలు ఎవరికో ఫ్రేమ్ సరిచేస్తోంది. అక్క మొహం చూసి పని పక్కన పెట్టి, "ఏమైంది, కళ్ళు తిరుగుతున్నాయా?" అంది.

"మళ్ళీ పరీక్ష చెయ్యి."

లోపలి గదిలోకెళ్ళి తనే గడ్డం ఆనించింది. చుక్కలు మొదలయ్యాయి. ఎదురుగా, కుడి పక్క, పైన. తర్వాత ఎడమ పక్క. నొక్కింది. ఇంకా ఎడమకి, నొక్కింది. చెవి వెనక నుంచి వస్తోందా అన్నంత అంచున మెరిసినదాన్ని కూడా నొక్కింది. రెండో కంటికి మార్చారు. ఒక్క చుక్క కూడా వదల్లేదు. ఓ దశలో ఆవిడకి కన్నీళ్ళొచ్చి చుక్కలన్నీ అలుక్కుపోయాయి. అయినా నొక్కుతూనే ఉంది.

పరీక్ష అయిపోయింది. చెల్లెలు తెర వంక చూస్తూ కూర్చుంది. తెరంతా తెల్లగా, ఎక్కడా చిన్న మచ్చ లేకుండా ఉంది. ఆమెకి మొదట అర్థమైంది పోయినసారి అక్క కావాలనే నొక్కలేదని. ఎందుకు నొక్కలేదో అర్థమవడానికి ఇంకాస్త సమయం పట్టింది. కోచ్ గడ్డం తీయకుండా ఆ తెల్లటి గిన్నెలోకే చూస్తూ ఉండిపోయింది. మొహం చూపించే ధైర్యం లేకపోయింది.

"నీ చూపు ఎప్పుడూ బాగానే ఉండేదక్కా," అంది చెల్లెలు చివరికి.

అరుస్తుందనుకుంది, అరవలేదు. బయటికి పొమ్మంటుందనుకుంది, అదీ అనలేదు. అద్దాలు తుడిచే గుడ్డని మడిచి కోటు జేబులో పెట్టుకుంది. యంత్రం ఆపింది. షాపు యజమానికి ఇప్పుడే వస్తానని చెప్పి వీధిలోకి నడిచింది. అక్క వెనకాలే నడిచింది.

చెల్లెలు పాతికేళ్ళ తర్వాత ఆటల హాలు గుమ్మం తొక్కింది. అమ్మాయిలు ఆట ఆపి పక్కకి తప్పుకున్నారు. ఆమె తిన్నగా గోలు ముందుకెళ్ళి, చెప్పులు విడిచి, వట్టి కాళ్ళతో గీతని తడిమి చూసుకుంది. గీతకి రెండుసార్లు రంగు మార్చారు, చోటు మాత్రం అదే. వీపు గోలు వైపు పెట్టి నిలబడింది. మోకాళ్ళు కొంచెం వంచింది. షాపు కోటు చేతులు పైకి లాక్కుని, కుడి చెయ్యెత్తింది.

కోచ్ తన పాత చోట నిలబడి ఉంది. అక్కడికి తనంతట తను వెళ్ళినట్టు కూడా ఆమెకి గుర్తులేదు. ఈసారి మెడ తిప్పి, నిండుగా, చెల్లెల్ని చూసింది.

బంతి కదిలింది. ఉన్నచోటే ఓసారి తిరిగి, గోలు వైపు కాకుండా గీత వైపు వచ్చి, చెల్లెలి అరచేతిలో చప్పుడు చేస్తూ పడింది. పాత బంక ఇంకా పట్టు తప్పలేదు. గోడ మీద పాత బోర్డులో నాలుగు పోయి మూడు వచ్చింది. చెల్లెలు అటు చూడలేదు. గిర్రున తిరిగి, కోటు ఎగిరేలా గోలు వైపు దూకి కొట్టింది. గోలులో నిలబడ్డ అమ్మాయి అడుగు కదిపేలోపల వల ఊగింది. బోర్డు బొంగురుగా ఓసారి మోగి ఆగింది. రిఫరీ లేచి నిలబడి, జేబులోంచి ఈల తీసి, ఊపిరి చాలినంతసేపు ఊదాడు. తర్వాత తన సంచీ తీసుకుని, అమ్మయ్య అనుకుంటూ ఇంటికెళ్ళిపోయాడు. అవతలి క్లబ్బువాళ్ళు ఆ వారమే ఆ పాత కప్పు తెచ్చి ఇచ్చేశారు.

చెల్లెలు నేల మీద పడ్డ చోట నుంచి లేచి మోకాలు చూసుకుంది. చర్మం లేచిపోయి ఉంది. కోచ్ దగ్గరికెళ్ళి చెయ్యి అందించబోతే, అందుకోకుండా తనే నిలబడింది.

"నీ జట్టులో ఓ నియమం ఉందట కదా," అంది.

"ఉంది."

"ఏమిటది?"

అమ్మాయిలందరూ వింటున్నారు. "పక్కన మనిషి ఖాళీగా ఉండగా తనే కొట్టినవాళ్ళు తర్వాతి మ్యాచ్ బయట కూర్చోవాలి."

"గోలు పడినా?"

"పడినా."

"మరి కూర్చో," అంది చెల్లెలు. క్షమించానని అనలేదు. కూతురి దగ్గరికి వెళ్ళి, నీ కాలు ఇలా పెడితే పది నిమిషాల్లో అలిసిపోతావని, మడమ పట్టుకుని జరిపి చూపించింది. పెద్దమ్మ ఇచ్చిన ఈల ఇంకా ఆ పిల్ల చేతిలోనే ఉంది. చెల్లెలు దాన్ని తీసుకుని, కోటుకి తుడిచి, మెడలో వేసుకుంది.

అలా ఫైనల్ నాడు జట్టు బల్ల మీద చెల్లెలు కూర్చుంది. షాపువాళ్ళకి ఇకమీదట పొద్దున మాత్రమే వస్తానని చెప్పేసిందట. క్లబ్బు పెద్దలు అక్కని అడిగితే, నన్నేం అడగొద్దు, ఆమె చెప్పినట్టు చెయ్యండని చెప్పింది. అక్క పోయి ప్రేక్షకుల్లో, వెనక వరసలో, స్తంభం పక్క సీటులో కూర్చుంది. కోచ్ అయ్యాక ఆమె మ్యాచ్‌ని అంత దూరం నుంచి చూడటం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కింద చెల్లెలు అరవడం లేదు, చేతులు ఊపడం లేదు. ఆట ఆగినప్పుడల్లా అమ్మాయిల్ని దగ్గరికి పిలిచి ఒకటి రెండు మాటలు చెప్తోంది. వాళ్ళు తలూపి వెళ్ళి అలాగే చేస్తున్నారు. తనైతే పది మాటలు చెప్పేదని కోచ్‌కి తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్ళూ ఈ పని ఈ మనిషికి దక్కకుండా తను ఎక్కడ ఆపేసిందో కూడా తెలుస్తూ ఉంది.

ఆఖరి సాధనలో అందించని అమ్మాయిని, అది మ్యాచ్ కాదు కదా అని చెల్లెలు ఆడనిచ్చింది. ఆ అమ్మాయి ఈసారి ఎగిరి, గాలిలో ఉండగానే కింద గీత మీదికి బంతి వదిలింది. చెల్లెలి కూతురు పట్టుకుని, తిరిగి, కొట్టేసింది. జనం లేచి నిలబడ్డారు. పక్క సీటులో పల్లీలు తింటున్న పెద్దమనిషి పొట్టు దులుపుకుంటూ, "జట్టు భలే మారిపోయిందండీ. ఆ కొత్త కోచ్ ఎవరు?" అని అడిగాడు.

"మా చెల్లెలు."

"ఓహో. ఆవిడ కూడా ఆడేదా?"

"ఆడేది. లైన్ ఆట." కోచ్ కింద గీత వంక చూసింది. "ఓసారి ఫైనల్లో ఖాళీగా ఉంది. చెయ్యెత్తింది. నేను చూశాను. బంతి నా దగ్గరుంది. ఇవ్వలేదు."

ఆయన నమలడం ఆపి ఆమె వంక చూశాడు. ఎప్పటి సంగతో ఆయనకి తెలియదు. ఆట మాత్రం తెలిసిన మనిషి.

"ఇవ్వాల్సిందండీ," అన్నాడు.

"అవును," అంది ఆవిడ. "ఇవ్వాల్సింది."